లాకుల దాకా

అయిదింటికి చున్నీ నడుముకి బిగించి
అంబాజీపేట కాలవగట్టెక్కుతాను.
ఊళ్ళో వాళ్ళు దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తారు,
నేను మరుగుదొడ్లలో.

ఇంటి నుంచి కొబ్బరిపీచు మిల్లుకి నాలుగువందల అడుగులు,
కాపలా ఆయన లేవకపోతే తాళం.
అక్కణ్ణించి పెట్రోలు బంకుకి తొమ్మిదివందలు.
బంకు కుర్రాడు నన్ను చూడగానే
తాళంచెవి బల్ల మీద పెట్టి అటు తిరిగి నించుంటాడు.
ఆ తరవాత ఏమీ లేదు.
రొయ్యల చెరువుల మోటార్లు,
మనిషిని దాచలేని కోసేసిన వరిచేలు.

పేగు పూసిందన్నాడు కాకినాడ డాక్టరు.
మామిడికి పూతంటే ఇంటిల్లిపాదికీ సంబరం.
నాకు పదకొండేళ్ళుగా గంజి.
పనసపొట్టు కూర అందరికీ వడ్డిస్తాను,
గరిటె మాత్రం నాకను.
"ఒంట్లో నెత్తురుందా అసలు?" అంటారు పెళ్ళిళ్ళలో.
ఉంది. దారి తప్పి పోతోంది, అంతే.

"నడవండి" అన్నాడు.
"ఎంత?"
"కడుపు ఒప్పుకున్నంత."
మొదటి ఏడు అది ఒప్పుకున్నది గుమ్మం దాకా.

ఒకనాడు బంకు దాటాక మెలిపెట్టింది.
వీపంతా చల్లటి చెమట,
కాళ్ళు రెండూ ఒకదానికొకటి ముడేసుకున్నట్టు
తాటిదుంగ వంతెన పక్క పెంకుటింటి ముందు ఆగిపోయాను.
ముగ్గుగిన్నెతో ఉన్నావిడ
పేరడగలేదు, ఎవరి తాలూకని అడగలేదు.
"పెరట్లో ఎడం పక్కండి, ఆయ్, నీళ్ళున్నాయి" అంది.
బయటికొచ్చి ఏదో చెప్పబోయాను,
ఆవిడ అప్పటికే చుక్కల్లోకి వంగిపోయింది.

మర్నాటి నుంచి వరాలమ్మగారి పెరటితలుపుకి గడియ పడదు.
నిండు బకెట్టు, పక్కన బోర్లించిన మగ్గు.
నేను వాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
గడియ లేదన్న సంగతి పేగుకెలా తెలుస్తుందో,
ఆ ఇల్లు వచ్చేసరికి ఊరుకుంటుంది.

నిన్న లాకుల దాకా వెళ్ళాను.
మూడువేల రెండొందలు.
వేసవికని కాలవ కట్టేశారు,
అడుగున బురద, ఎండిన గుర్రపుడెక్క, ఒంటికాలి కొంగ.
దించిన తలుపుల పళ్ళచక్రానికి గ్రీజు పూస్తున్నాడు లాకు ఆయన.
"ఎప్పుడు వదుల్తారండి?"
"పైనుంచి చెప్పాలండి. మన చేతిలో ఏముంది?"
పకపకా నవ్వాను.
ఆయన గ్రీజు డబ్బా కేసి చూసుకున్నాడు, పాపం.

తిరుగుదారిలో రెండుసార్లు కూర్చున్నాను.

ఇవాళ వెళ్ళలేదు. తెల్లారేసరికి మళ్ళీ ఎరుపు.
మంచం మీదే పాదాలు రెండూ
పైకీ కిందకీ ఆడించాను, ఇరవైసార్లు.
పాల లెక్కల పుస్తకంలో
నిన్న "లాకులు" అని రాసుకున్న గీత కింద
ఇవాళ "ఇరవై" అని రాశాను.