మూడో కుర్చీ

ఆ గదిలో మూడు కుర్చీలూ ఒకే ఎత్తు.
మొదటి రోజే గమనించాను.
వేరేచోట్ల నాకు స్టూలు వేసేవాళ్ళు
గోడవారగా, తడిగొడుగులు పెట్టే మూల.
దుబాసీ అంటే కాళ్ళు మొలిచిన గొంతే కదా,
కూర్చోడానికి ఏదైతేనేం.

ఇల్డా ఫోర్తెస్ మాత్రం
తన కుర్చీ లాగి నా కుర్చీతో సరిచూసి
"మీరు రాకపోతే ఇక్కడ మిగిలేది
ఇద్దరు మూగవాళ్ళు" అంది.

రాటర్‌డామ్‌లో రేవు వెనక వీధి.
కింద చేపల కొట్టు, పైన మనసుల డాక్టరు.
మెట్లెక్కేసరికి ఎవరి దుఃఖానికైనా
కాస్త నీచువాసన అంటుకునేది.

వాళ్ళమ్మ కేప్ వెర్దె దీవులనుంచి
ఓడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వచ్చిందట.
నాన్న జీలాండ్ మనిషి, సముద్రపు కట్టలకి కాపలా.
నీళ్ళని నమ్మిన ఆవిడా
నీళ్ళని చచ్చినా నమ్మని ఆయనా
ఎలాగో ఒక ఇంటివాళ్ళయ్యారు.
తిట్లు క్రియోల్‌లో, చిల్లర లెక్కలు డచ్చిలో,
దేవుడితో తగాదా పడాలంటే పోర్చుగీసు.
"భాష మారినప్పుడల్లా చేతులకేసి చూసేదాన్ని.
చేతులకి ఒకటే భాష" అంది
టీపొడి ఏ డబ్బాలో ఉందో వెతుకుతూ.

ఇంకోటి కూడా చెప్పింది, చాలా నెలలకి.
తొమ్మిదేళ్ళప్పుడు ఆసుపత్రిలో
డాక్టరుకీ అమ్మకీ నడుమ తనే దుబాసీ.
ఆయన పెద్ద మాట ఒకటి అన్నాడు.
తనకొచ్చిన క్రియోల్‌లో ఆ మాట లేదు.
"పుండమ్మా, చిన్నదే" అంది.
అమ్మ నవ్వి, వచ్చేదారిలో నారింజలు కొనిపెట్టింది.
"ఆ తొక్క ఇంకా నా గోళ్ళలో ఉంది."
అంతే. నేనూ ఆపైన అడగలేదు.

తలుపు మీద మాత్రం ఒకటే నియమం, ఏడు లిపుల్లో:
పిల్లల చేత చెప్పించకండి.

లెతెబ్రహాన్ ఫిబ్రవరిలో వచ్చింది.
నాలుగు వారాలు కోటు విప్పకుండా కూర్చుంది.
ఐదో వారం, మా తిగ్రిన్యాలో,
"కడుపులో ఎవరో నడుస్తున్నారు" అంది.
పదేళ్ళ అలవాటు నాది,
నాలుక చివర సిద్ధంగా ఉంది తర్జుమా:
ఆందోళనగా ఉందంటున్నారు.
సగంలోనే ఇల్డా అరచెయ్యెత్తింది.
"జబ్బు పేరు నేను పెట్టుకుంటాను, తొందర లేదు.
ఆమె ఏమందో అదే ఇవ్వండి,
మట్టి కడక్కుండా."

ఇచ్చాను.
కింద ఎవరో తొట్టిలో ఐసు కుమ్మరిస్తున్నారు.
"అడగండి, ఆ నడిచేవాళ్ళు
చెప్పులతోనా, ఉత్తికాళ్ళతోనా?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే అడిగాను.
లెతెబ్రహాన్ అప్పటిదాకా నాకేసి చూసి మాట్లాడేది.
ఇప్పుడు ఆవిడకేసి తిరిగింది.
"ఒక కాలికే చెప్పు.
రెండోది ఇసకలో దిగబడిపోయింది.
ట్రక్కు ఆపమన్నాను. ఆపలేదు.
తమ్ముడికి పద్నాలుగు."

దుబాసీ ఎప్పుడూ "నేను" అనే చెప్పాలి, పద్ధతి.
ట్రక్కు ఆపమన్నాను, అన్నాను డచ్చిలో.
ఆపలేదు, అన్నాను.
మూడోమాట దగ్గర
ఆ "నేను" ఎవరో నాకే ఎరిక లేకుండా పోయింది.
ఆ ఇసకని నేనూ దాటాను,
వేరే ఏడు, వేరే ట్రక్కు.

ఎవరూ గడియారం చూడలేదు.
లెతెబ్రహానే లేచి, నా ముందు నీళ్ళ గ్లాసు పెట్టింది.
ఇల్డా దాన్ని రాసుకోలేదు.
కలం మూతపెట్టి, చేతులకేసి చూస్తూ ఉంది,
ఆమెవి, నావి.

వెళ్ళేముందు గంటల కాగితం మీద
యాభై నిమిషాలు అని రాశాను.
ఇల్డా కొట్టేసి, గంటా ఇరవై చేసింది.
"మాట ఆగినసేపు కూడా పనే" అంది
సంతకం పెడుతూ.

బయట వాన. ట్రాము కోసం నిలబడ్డాను.
లేసు ఊడిందేమోనని వంగాను.
ఊడలేదు.
ఐనా చాలాసేపు అలా వంగే ఉన్నాను,
రెండు బూట్లూ
చేత్తో తడిమి చూసుకుంటూ.