పది గంటల మోతాదు

హోయిమా ఊరి చివర
సైకిళ్లు బాగుచేసే కాహ్వా ఇంటిముందు నా బండి ఆగితే
పక్కింటావిడ అరటిగెల దించి చూసింది,
మనిషి పోయాక నర్సుకి ఇక్కడేం పనని.

పనుంది.
మిగిలిన మార్ఫిన్ వెనక్కి తీసుకోవాలి.
సంతకం పెట్టించుకోవాలి.

మంచినీళ్ల సీసాలో అడుగున
రెండు వేళ్ల లోతు ఆకుపచ్చ మందు.
దాంతోపాటు పిల్లలు బడికి తీసుకెళ్లే నోటుపుస్తకం.
పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, మళ్లీ ఆరు,
రాత్రి పదికి రెండింతలు,
నడిరేయి లేవక్కర్లేకుండా ఆమె నిద్రపోతుందని,
పక్కన ఇతనూ కాస్త నడుం వాలుస్తాడని.
గళ్లు గీసిచ్చింది నేనే.
మూడో తరగతితో చదువాపేసినవాడు
పదకొండు నెలల్లో ఒక్క గడి వదల్లేదు.
గ్రీజు వేలిముద్రల మధ్య టిక్కులు.

పేజీ తిప్పాను.
న్యాంగోమా పోయింది మంగళవారం తెల్లవారుజామున.
బుధవారం టిక్కులున్నాయి.
మట్టివేసి వచ్చిన గురువారమూ
ఆరింటికి, పదింటికి, రెండింటికి.
అలా తొమ్మిది రోజులు.

సీసా వెలుతురుకి ఎత్తి చూశాను.
నేను గీసిన గీత దగ్గరే ఉంది మందు.
"ఎవరికిచ్చావు?"
"ఎవరికీ లేదు. వేళకి లేచాను. లేచానని రాశాను."

కంపాలాలో శిక్షణప్పుడు
ఇలాంటి చోట అనాల్సిన మాటలు నేర్పారు.
చక్కని మాటలే.
గొంతులో రాగిగంజి ముద్దలా అడ్డుపడ్డాయి.

అక్కను ఎత్తి పడుకోబెట్టిన చేతులు,
దుర్వాసనకి ముక్కు మూసుకోని చేతులు,
ఒక చువ్వ బిగించలేక
అదే చక్రాన్ని ఊరికే తిప్పుతున్నాయి.

ఇన్నాళ్లూ ఈ గుమ్మంలో నేనడిగింది ఒకటే:
ఆమెకెలా ఉంది?
నా రిజిస్టరులో ఇతని పేరు 'రోగి తమ్ముడు'.
మా బున్యోరోలో కొత్తమనిషినైనా
ముందు ఎంపాకో అడుగుతాం,
ముద్దుకీ మర్యాదకీ పిలిచే ఆ రెండో పేరు.
నేనది అడగనే లేదు.

అడిగాను.
చక్రం ఆగింది.
"అరాలీ."
కాసేపాగి,
"చివరివారం అక్కకి అంత పేరు పలకలేదు.
'లీ' అనేది."

"అరాలీ, ఏమన్నా తిన్నావా?"
తల అడ్డంగా ఊపాడు.
పొయ్యి నేనే రాజేశాను.
పచ్చికట్టెలు, ఒకటే పొగ,
ఎవరి కళ్లు ఎందుకు కారుతున్నాయో
ఇద్దరం చెప్పక్కర్లేకపోయింది.

"సీసా తీసుకుపోతావుగా. ఇంక రావేమో."
"వస్తాను. వచ్చే నెల."
"ఎందుకు?"
"సైకిలుంది నాకు. బ్రేకు పట్టడం లేదు."

నిజానికి బ్రేకు బానే పడుతుంది.

రిజిస్టరులో రాశాను: మందు సీసా అందింది.
నోటుపుస్తకం దొరకలేదు.
అది అతని చొక్కా లోపల ఉంది,
మూల బయటికి కనిపిస్తూ.

ఆ రాత్రి పదింటికి
మా ఇంట్లో గడియారం వంక నేనూ చూశాను.