గాలి ఎటు

ఫోన్‌లో కంపెనీవాడు మూడు వందలన్నాడు.
పరీక్ష పెట్టి చూస్తే సూది తొంభై నాలుగు దగ్గర
ముందరికాళ్ళకు బంధం వేసిన గుర్రంలా ఆగిపోయింది.
ఫైలు పంపే కిటికీ మాత్రం పదకొండంటోంది,
పదకొండుకీ పన్నెండుకీ మధ్య, గీచి గీచి.

మిగిలిన సమయం: ఏడు గంటలు.
కాదు, రెండు రోజులు.
కాదు కాదు, నలభై నిమిషాలు.

చిలొయే దీవిలో వాన పడుతోందని వేరే చెప్పక్కర్లేదు.
చర్చి గంటగోపురాన్ని లేజరుతో కొలిచాం.
ఒక్కో చెక్కపెంకూ వేల చుక్కలైంది.
ఆ చుక్కలన్నీ శాంటియాగోలో ఇంజనీర్లకు చేరాలి.
గోపురం ఒరుగుతోంది. ఎంతన్నదే తగవు.

వడ్రంగి రొసామెల్ తడిసిన టోపీ పొయ్యి పక్కన ఆరేసి
నా భుజం మీదుగా తొంగిచూశాడు.
"ముగ్గురిలో అబద్ధాలకోరెవరు, రుదెలిండా?"

మా అమ్మమ్మ అల్ముద్ గుర్తొచ్చింది,
బంగాళాదుంపలు కొలిచే చెక్కపెట్టె.
మా ఇంటి పెట్టెకు ఎనిమిది కిలోలు పట్టేవి.
పడవవాడు కిలోల్లో అరిచేవాడు,
అమ్మమ్మ పెట్టెల్లో బదులిచ్చేది,
అవే దుంపలు, అదే రేవు, గంటసేపు పోట్లాట.

తొంభై నాలుగును ఎనిమిదితో భాగించాను.
పదకొండు ముప్పావు.
"వీళ్ళిద్దరూ నిజమే చెప్పారు," అన్నాను.
"మరి ఆ మూడు వందలు?"

గోడ వెంట కేబుల్ పట్టుకుని మోకాళ్ళ మీద పాకాను.
పొయ్యి కాలి కింద నలిగిపోయి ఉంది.
లోపల ఎనిమిది సన్నని తీగలు,
గోధుమరంగుది తెగింది.
ఉన్న నాలుగింటితోనే నెట్టుకొస్తోంది కంప్యూటరు
ఎన్నాళ్ళనుంచో, ఎవరితోనూ అనకుండా.
అనకుండా ఏం, ఒక మూల చిన్న అక్షరాల్లో
వంద అని రాసే ఉంచింది.
నేనే అటు చూడలేదు.

ఫాదర్ సొరుగులో కొవ్వొత్తి ముక్కల కింద
ఇంకో కేబుల్ దొరికింది. మార్చాను.
రెండు వందల ఎనభై.
మిగతా ఇరవై ఏదని అడగబోయి
రొసామెల్ ఊరుకున్నాడు.

ఊరుకుని, జేబులోంచి నానిన చీటీ తీశాడు.
గోపురం పైనుంచి గుండుతాడు వేలాడదీసి చూసిన లెక్క:
పొద్దున మూడు వేళ్ళు, సాయంత్రం నాలుగున్నర.
నా లేజరు ఈ రెండూ కాదంటోంది.

"ఇందులో ఏది పంపుతావు?" అన్నాడు, కాస్త సిగ్గుగా.

"అన్నీ. కూర్చో, నువ్వే రాయి.
పక్కన, ఏ పూట గాలి ఎటునుంచి కొట్టిందో
అది కూడా."