ఒక్క డిగ్రీ

డబ్బా విప్పితే బయటపడ్డవి:
నా ముంజేతి లావు అట్టగొట్టం,
మూడు ప్లైవుడ్ రెక్కలు, మూడు చెక్క వలయాలు,
పెళ్లికూతురిలా విడిగా మెత్తటి కాగితంలో చుట్టిన ముక్కుటోపీ,
ఏడు పేజీల సూచనలు.
ఆరో పేజీ లేదు.

నెబ్రాస్కాలో జనవరి. మంచు పడితే
ఎవడూ జుట్టు కత్తిరించుకోడు,
చెవులకు కప్పుగా ఉంటుందని పెంచుకుంటాడు.
క్షవరం కుర్చీ వెనక గదిలో
టవళ్ల బల్ల ఖాళీ చేసి కూర్చున్నాను.

నలభై ఏళ్లుగా మెడల మీద నురగ రాసిన బొటనవేలు ఇది.
ఎపాక్సీ కూడా దానికి నురగే.
రెక్కకీ గొట్టానికీ మధ్య సందులో పోసి
స్పిరిట్‌లో వేలు ముంచి ఒక్క లాగు లాగితే
చెవి వెనక వంపులా నున్నగా కుదురుకుంది.
రెండోదీ అంతే.
మూడోది నిలబెడుతుండగా తలుపు గంట మోగింది.
యోస్ట్ వాళ్ల అబ్బాయి, రేపు ఫోటో ఉంది, గడ్డం సరిచెయ్యమని.
తిరిగొచ్చేసరికి
ముప్పై నిమిషాల జిగురు ముప్పై ఐదో నిమిషంలో ఉంది.
రెక్క వాలింది.
ఒక్క డిగ్రీ. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది.

కోసెయ్, మళ్లీ అతికించు, అంది బోజెనా.
ఒక చెవి దగ్గర కొంచెం ఎక్కువ పోయిందని
రెండోవైపు కోసి, అది ఎక్కువైందని మళ్లీ మొదటివైపు కోసి,
చివరికి ఏం మిగులుతుందో
మా వృత్తిలో అందరికీ తెలుసు.
వదిలేశాను.

తాడు కట్టి దూలానికి వేలాడదీశాను.
గాలి పట్టి నెట్టే చోటుకంటే
బరువు కుదిరే చోటు
కనీసం గొట్టం వెడల్పంత ముందుండాలట.
ముక్కులో సీసపు గుళ్లు పోశాను, చేపల గాలాలకు కట్టేవి,
గుప్పెడున్నర.

రంగుకి వచ్చేసరికి ఆలోచించలేదు.
ఎరుపు, తెలుపు, నీలం, మెలితిరిగిన చారలు,
దుకాణం బయటి స్తంభం మీద ఉన్నవే.
ఆ స్తంభం మోటారు కాలిపోయి పదకొండేళ్లు.
బాగుచేసే మనిషి రావాలి, అంటుంటాను అడిగినవాళ్లతో.

ఏప్రిల్లో, జొన్న కోసేసిన మోళ్లలో,
రోజలిండ్ బీమన్ వచ్చింది.
వారమంతా పశువుల డాక్టరు, ఆదివారం రాకెట్ల పరీక్షకురాలు.
ఒక్కో రెక్క పట్టి గుంజింది, దూడ కాళ్లు చూసినట్టు.
మూడోదాని దగ్గర ఆగింది.
నన్ను చూసింది.
నేను ఆకాశం చూశాను.

ఎగరడం సగమే, అంది.
తెచ్చి నా చేతిలో పెట్టాలి,
ఇంకోసారి ఎగరగలిగేట్టు ఉండాలి. అప్పుడే సంతకం.

ముందు పొగ. కాసేపు ఏమీ లేదు.
తర్వాత మోత, చెవుల్లోకి కాదు, పొట్టలోకి.
కడ్డీ వదిలిందో లేదో తిరగడం మొదలెట్టింది,
చారలు పైకి, ఇంకా పైకి, తెగకుండా పాకుతూ,
కుర్చీ తోలు వాసన ఇంకా కొత్తగా ఉన్న ఏడాది
వీధిలో పిల్లలు ఆగి నోరు తెరుచుకుని చూసినట్టే.
"తిరిగిపోతోంది!" అని ఎవరో తప్పు పట్టుకున్నట్టు అరిచారు.
తెలుసు నాయనా.
బోజెనా నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా.

నారింజ గొడుగు విచ్చుకుంది. గాలి దాన్ని
పక్క పొలంలో నీళ్లు చల్లే పొడుగాటి పైపు మీదికి తోసింది.
అక్కడ వేలాడింది, తోక కిందికి పెట్టి,
ఇంకా నెమ్మదిగా తిరుగుతూ.
పొలం ఆసామి స్కుడర్ నిద్రపోతున్నాడు.
నిచ్చెన వచ్చేసరికి గంటన్నర.

బీమన్ మసి తుడిచి చూసింది.
ఊడిన పెచ్చు రంగుదే, చెక్కది కాదు.
పికప్ బానెట్ మీద కాగితం పరిచి వంగింది.
అప్పుడు చూశాను ఆమె మెడ వెనక:
ఎడమవైపు గోరంత పొడుగు వదిలేశారు ఎవరో.
నేనేమీ అనలేదు.
మూడో రెక్క గురించి ఆమె కూడా.

దారంతా బోజెనా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
కాలిన వాసన, దుకాణంలో పెట్టకు, అంది.
సరే అన్నాను.
రేపు ఆ స్తంభం మనిషికి ఫోన్ చెయ్యాలి.
ఎల్లుండి.