యాభై కేబీలు

కొత్తవాడ మలుపుల మా నెట్ సెంటర్.
నేతకార్డు దరఖాస్తుకు రేపే ఆఖరు.

మనుమడి ఫోన్ల దిగిన ఫొటో తెచ్చింది కొమురమ్మ.
ఈ రకం ఫైలు చెల్లదంటది సర్కారు సైటు,
జేపెగ్గే కావాలె, యాభై కేబీలు దాటొద్దు.

మార్చే సైటు తెరిచి
ఆమె మొఖాన్ని గుంజి దాంట్ల వదిలిన.
చక్రం తిరుగుతాంది.
ఏ దేశంల, ఏ మిషన్ల ఉన్నదో ఆ కాసేపు కొమురమ్మ,
ఇక్కడేమో స్టూలు మీద కూసొని
కొంగుతోని మెడ తుడుసుకుంటాంది.

ముప్పై కేబీలై తిరిగొచ్చింది.
కండ్లద్దాలు సవరించుకొని చూసింది:
"గదువ మీది పుట్టుమచ్చేది బిడ్డా?"

నేనేదో క్వాలిటీ, కంప్రెషన్ అనబోతే
"పోగులు తక్కువేస్తే జంపఖానాల పువ్వు
గిట్లనే మెట్లుమెట్లయితది.
ఇంకిన్ని పోగులెయ్యి" అన్నది.

నలభై తొమ్మిదికి పెంచిన.
మచ్చ వచ్చింది. సైటూ ఊకున్నది.
ఇరవై అడిగితే పదిహేనే ఇచ్చింది,
మొదటిది చెడగొట్టినవు గదా అని.

రాత్రి షట్టర్ దించేముందు
డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తాంటే
ఇద్దరు కొమురమ్మలు.
మచ్చ లేనామెను ముందుగాల తీసేసిన.
రెండో ఆమెను
తెల్లారేదాక ఉండనీ అనుకున్న.