సెదియె

నోటు చాచి "సెడీ" అన్నాను.
అద్దకం బట్టల దొంతర మీంచి వంగి చూసింది సెర్వా ముసలమ్మ,
పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టి.
"సీడీ" అని దిద్దింది మనవరాలు అచియా, బళ్ళో చెప్పినట్టు.
అది మా వైపు పాటల పళ్ళెం పేరు తల్లీ, అన్నాను.
పిల్ల నవ్వింది. ముసలమ్మ నవ్వలేదు.
"అదీ కాదు. సెదియె."
చివరి అచ్చుని గాలికి వదిలేయకుండా,
దారం కొసన ముడి వేసినట్టు అంది.

కుమాసి. కెజెతియా సంత. రెండువేల ఏడు, జూలై.
నోట్ల మీంచి నాలుగు సున్నాలు రాలిపోయిన నెల.
నిన్నటి పదివేలు ఇవాళ ఒకటి.
"విలువ అదే, విలువ అదే" అంటోంది రేడియో,
ఎవరూ కాదనకుండానే.
టమాటాలావిడ రెండు వేలు అడుగుతుంది,
కొనేవాడు ఇరవై పెసెవాలు పెడతాడు,
ఇద్దరూ ఒకరినొకరు దొంగల్లా చూసుకుంటారు.

బ్యాంకు గుమాస్తా బదు వచ్చాడు
(పదో కాన్పు వాడు, పేరుకే పది అని అర్థం):
"సున్నాలు కొట్టేయ్ అమ్మా, అంతే."
"కొట్టేస్తే ఎక్కడికి పోతాయి నాయనా?"
బదు దగ్గర దానికి కాగితం లేదు.

పెసెవా అంటే గింజట.
నలుపులో కాస్త నీలం కలిసిన గింజ.
బంగారు పొడి తూచేటప్పుడు
త్రాసులో అన్నిటికన్నా చిన్న బరువు.
మా కంసాలి గురిగింజకి దాయాది అనుకున్నాను.
తన కింది నలుపు గురివిందకి తెలియదంటాం.
దీనికి కిందా మీదా ఒకటే రంగు.
తెలియదని తప్పించుకునే వీలు లేదు.

పాలపొడి డబ్బా బోర్లించింది ముసలమ్మ.
ఏడు గవ్వలు. ఏడింటికీ వీపు పగిలి ఉంది.
"ఇదీ సెదియె" అంది. "కాగితం తర్వాత వచ్చింది."

చిల్లిగవ్వ లేదంటాం మేం, జేబులు తిరగేసి చూపిస్తూ.
ఇక్కడ చిల్లి పడ్డాకే గవ్వ డబ్బయింది.
దారానికెక్కేది, మెడలో వేలాడేది,
విడిగా ఉంటే ఐదేసి చొప్పున
చాప మీద వేళ్ళతో లాగి లెక్కపెట్టేవారట.

ఇవి ఈ తీరం గవ్వలు కావు.
మాల్దీవుల్లో కొబ్బరి మట్టలు నీళ్ళ మీద పరిచి పట్టినవి.
ఓడ కడుపులో బరువుకని పోసి,
మా సముద్రం మీదుగానే తీసుకెళ్ళి,
చలి రేవుల్లో వేలం పాడి
ఇక్కడ దించారు.
ఖాళీ అయిన కడుపులో
మళ్ళీ ఏం నింపుకుని వెళ్ళారో
నేను అడగలేదు.

అచియా అడిగింది.
"ఎవరి పుట్టుకా ఎవరూ విప్పకూడదు, మా ఇళ్ళల్లో కట్టడి"
అని మొదలుపెట్టి, ముసలమ్మ ఒక గవ్వని బొటనవేలితో తిప్పింది.
"మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఉత్తరాన సలగా సంతలో
పొద్దుటి నుంచి ఎండ వాలేదాకా నిలబడింది.
ఎన్ని దారాలో ఆవిడకి తెలుసు.
చచ్చేదాకా గవ్వల చప్పుడు వింటే
అన్నం పళ్ళెం వదిలి లేచిపోయేదట."

"ఎన్ని దారాలు?"

ముసలమ్మ గవ్వలు డబ్బాలో పోసింది.
ఐదు. తర్వాత రెండు.

పిల్ల అందులోంచి ఒకటి కాజేసి
చెవికి ఆనించుకుంది.
"సముద్రం వినపడట్లేదు" అంది నాతో గుసగుసగా.
వీపు లేదు కదా, అందామని ఊరుకున్నాను.

అప్పుడు నోటు చాచి మళ్ళీ అన్నాను:
సె. ది. యె.
తలూపలేదు గానీ తీసుకుంది.
గుడ్డ చించి, మడిచి, చిల్లర నా అరచేతిలో పెట్టింది.
వీధి మలుపులో లెక్క చూసుకుంటే
రెండు వేలు తక్కువ. లేదా ఇరవై పెసెవాలు.
విలువ అదే.
వెనక్కి వెళ్ళలేదు.