చేతిలో ఒకటి

సెంబుదాస్ వీధిలో పైపుల కొట్టు, వెనక గది.
మనుషులకి ఫ్యాను లేదు. కంప్యూటర్‌కి మాత్రం
ఒక బుల్లి ఫ్యాను విడిగా తిరుగుతుంటుంది.
ఇరవై ఆరేళ్లు చిట్టా రాసిన నన్ను
ఇళమారన్ పక్కన కూర్చోబెట్టారు.
వాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు.

"వరూధినక్కా, ముందు సమానం గుర్తు పెట్టు."
ముందా?
మా కొరుక్కుపేట బడిలో
సమానం చివర వచ్చేది,
చెమట పట్టాక, పలక రెండుసార్లు తుడిచాక.

మూడు రోజులు మౌసు నా మాట వినలేదు.
బల్ల అంచు దాటించి గాల్లో తిప్పాను.
నాలుగో రోజు
గడి నిండా కంచెల్లాంటి గుర్తులు మొలిచాయి.
రాసిందంతా పోయిందని గుండె పట్టుకున్నాను.
వాడు నవ్వి, గీతని వేలెడు పక్కకి లాగాడు.
అంకె అక్కడే ఉంది.
"దానికి చోటు చాల్లేదు, అంతే అక్కా."
ఆ సాయంత్రం బస్సులో
ఇద్దరి సీట్లో ముగ్గురం ఇరుక్కుంటే
నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత చెయ్యి తిరిగింది.
గడి మూల చుక్క పట్టుకుని కిందికి ఈడిస్తే
ఒక్క లెక్క మూడొందల వరసల దాకా
పాకంలా సాగింది.
డాలరు గుర్తుతో ధరకి మేకు కొట్టడం,
పేరు చెప్పి పక్క షీటులోంచి బాకీ పట్టుకురావడం,
వాడు ఒకసారి చెప్పేవాడు,
నేను రూళ్ల పుస్తకంలో
తెలుగులో రాసుకునేదాన్ని.

అప్పుడు అటక మీంచి పాత చిట్టాలు దింపించారు.
ఎర్రగుడ్డ అట్టలు, బొద్దింక గుడ్లు, నా దస్తూరీ.
చదువుకుంటూ కొడుతుంటే
కింద మొత్తం తనంతట తనే కదిలేది,
నా పాత మొత్తం పక్కన
రెండో పట్టాలా.

రెండు వేల తొమ్మిది, ఐప్పసి వానలు.
ఏళుమలై, బండి కూలి.
నా దస్తూరీలో 5,430.
తెర మీద 6,430.

మళ్లీ కొట్టాను. మళ్లీ.
చివరికి వేళ్ల మీద, నోట్లో గొణుక్కుంటూ,
బడిలో లాగే:
వందల వరస పద్నాలుగు. నాలుగు వేసి, చేతిలో ఒకటి.

ఆ ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

గుమ్మం బయటే నిలబడ్డాడు, తడిసిన బనీనుతో.
"లెక్క సరిగ్గానే ఉందా అమ్మా?"
చదువు రానివాడు.
మోసిన పైపుల్ని భుజం లెక్కపెట్టుకుంది కాబోలు.
నేను తలెత్తకుండా
"నా లెక్క తప్పదు" అన్నాను.
అబద్ధం కాదు, నమ్మే అన్నాను.
అదే ఇప్పుడు గుచ్చుతోంది.

"ఏమైందక్కా, ఎర్రరా?"
"దాంట్లో కాదురా."

మధ్యలో కొత్త వరస చేర్చడం నిన్ననే నేర్చుకున్నాను.
చేర్చాను: ఏళుమలై, పాత బాకీ, వెయ్యి.
కింది మొత్తం మారింది.
యజమాని అడుగుతారు. చెప్తాను.

కాశిమేడు ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర
రాత్రి కాపలా కాస్తున్నాడని టీ కుర్రాడు చెప్పాడు.
నా జీతంలోంచి రెండు ఐదొందల నోట్లు మడిచి
పిడికిట్లో పెట్టుకుని బస్సెక్కాను.
వడ్డీకి కూడా ఏదో సూత్రం ఉందట,
రేపు అడగాలి.

కండక్టరు చిల్లర అందించాడు.
ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నాను,
రెండోది
తెరవలేకపోయాను.